సారెలో కెమెరా

పెళ్లిళ్లలో ఫోటోలు తీసి బతికేవాడికి దొంగ ఎప్పుడొస్తాడో తెలుసు. పంతులు పెట్టిన ముహూర్తానికే వస్తాడు. గట్టిమేళం మోగగానే హాలు హాలంతా అక్షింతలు పట్టుకుని వేదిక వైపు తిరుగుతుంది. దొంగ ఒక్కడే వెనక్కి తిరుగుతాడు. మదీనాగూడలో ఒక ఫంక్షన్ హాల్లో నా స్నేహితుడి సంచి అలాగే పోయింది. పట్టుపంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన భోజనం చేసి, పాన్ వేసుకుని, సంచి తగిలించుకుని వెళ్లాడని సీసీ కెమెరాలో తేలింది. వడ్డించేవాళ్లు ఆయనకు మారు పెరుగు కూడా వేశారు.

అప్పటినుంచి నా సంచికి చోటు వెతకడమే సగం పనైంది. అందులో రెండో కెమెరా, పెద్ద లెన్సు, అప్పటిదాకా తీసిన ఫోటోల కార్డులు ఉంటాయి. లెన్సు పోతే ఏడ్చి ఇంకోటి కొనుక్కోవచ్చు. కార్డులు పోతే ఆ పిల్లకు మళ్లీ పెళ్లి చేయలేం. ఒకసారి వంటవాళ్ల దగ్గర బియ్యం బస్తాల వెనక దాచాను. చాలా రోజులు కెమెరా బగారా అన్నం వాసన కొట్టింది. ఇంకోసారి ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడకు అప్పగించాను. ఆవిడ దానిమీదే తల ఆనించి నిద్రపోయింది. మెల్లగా లాగబోతే ఆవిడ కొడుకు నా చొక్కా పట్టుకున్నాడు.

చివరికి జ్ఞానోదయమైంది. పెళ్లింట్లో ఎవరూ ముట్టనిది సారె ఒక్కటే. పిల్లతో అత్తింటికి పంపే సకినాలు, గరిజెలు, లడ్డూలు, ఇత్తడి సామాను. పక్కనే మేనమామ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. చందానగర్ పెళ్లిలో ఆయన్ని అడిగి, పెద్ద గంగాళంలో సకినాల పక్కన నా సంచి దింపి పైన గుడ్డ కప్పాను.

"జర చూడు మామా."

"ఫికర్ చెయ్యకు. దీన్ని ముట్టే మొగోడు లేడు," అన్నాడాయన. నిజమే చెప్పాడు.

అప్పగింతలు బాగా వచ్చాయి. తల్లి ఏడ్చింది, తండ్రి ఏడ్చాడు, మేనమామ అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. నేను ఏడవను, ఫోకస్ పోతుంది. సారెను డీసీఎం బండిలోకి ఎక్కిస్తుంటే అదీ తీశాను. ఇద్దరు మనుషులు గంగాళాన్ని చెరోవైపు పట్టి లేపుతున్నారు, సాయంత్రం ఎండ ఇత్తడి మీద పడుతోంది. ఆ రోజు తీసిన వాటిలో అదే మంచి ఫోటో. నా సంచి పోవడాన్ని నేనే, మంచి చోట నిలబడి తీసుకున్నాను.

బండి మలుపు తిరిగాక గుర్తొచ్చింది. పెళ్లికొడుకు వాళ్లుండేది నల్లగండ్లలో, పెద్ద అపార్ట్‌మెంట్. బైకు మీద వెళితే గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు.

"ఏ ఫ్లాట్?"

"నంబర్ తెల్వదన్నా. పెండ్లోళ్ల ఇల్లు. నా సామాను లోపలుంది."

"అందరు గట్లనే అంటరు. ఫోన్ చేయించు."

పెళ్లింట్లో ఫోనెవరెత్తుతారు? నా కెమెరాకు ఇంత గట్టి కాపలా ఎప్పుడూ దొరకలేదు. చివరికి పెళ్లికూతురి వెంట వచ్చిన మేనమామ ఫోనెత్తి, కిందికి దిగి నన్ను తీసుకెళ్లాడు. లిఫ్టులో నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏడ్సుకుంట మర్సిపోయిన. అందరి ముంగట మాత్రం అడగకు బిడ్డా."

ఎందుకన్నాడో హాల్లోకి వెళ్లాక తెలిసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా సారె చూడటానికి వచ్చారు. సకినాల పళ్లేనికీ లడ్డూల పళ్లేనికీ మధ్య, తువ్వాల మీద నా కెమెరా, లెన్సు ఉన్నాయి. కెమెరా నుదుట కుంకుమ బొట్టు. పెళ్లికొడుకు నాయనమ్మ పక్కనే కూర్చుని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది: "కెమెరా మా మనుమనికి పెట్టిన్రు."

పెళ్లికూతురు నన్ను చూసి తల దించుకుంది. అది నాదంటే, అత్తింట్లో మొదటి సాయంత్రమే ఆ పిల్ల పుట్టిల్లు పలచనవుతుంది. అనకపోతే నా బతుకుదెరువు పళ్లెంలోనే ఉండిపోతుంది. భయమేసింది. నోరు విప్పితే వేరే మాట వచ్చింది.

"సారె ఫోటోలు తీయనీకి వచ్చిన."

మెడలో ఉన్న కెమెరాతో తీశాను. లడ్డూలనే పది రకాలుగా తీశాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక నాయనమ్మ కార్డులతో సహా నా సంచి తెప్పించి, కెమెరా, లెన్సు కలిపి నా ముందుకు తోసింది.

"తీస్కపో. పొద్దుగాల సంది ఈ సంచి నీ భుజం మీదనే చూసిన. నాకెరుక లేదా?"

"మరి మనుమనికి పెట్టిన్రని..."

"ఇంతమంది వచ్చే ఇంట్ల ఎవరిదో అంటే తలా ఒక చెయ్యి ఏస్తరు. మాదని చెప్పిన, ఒక్కలు ముట్టలే." తర్వాత పెళ్లికూతురి వైపు చూసింది. "రేపు ఎవరన్న అడిగితే, మా వానికి ఫోటోలు తీయ రాదు, వాపస్ ఇచ్చినమని చెప్త. పిల్లకు మాట రానియ్య."

అప్పగింతల్లో ఏడవని నాకు అక్కడ కళ్లు నిండాయి. సంచి భుజాన వేసుకోబోతే ఆమె ఆపింది. మా ఇళ్లలో ఒకరి గిన్నెను ఉత్తగా తిరిగి పంపరు. సంచికీ అదే పద్ధతి. మెత్తటి స్పాంజి అతికించిన లెన్సు అరలో ఒక్కటీ విరగకుండా సకినాలు పేర్చి జిప్పు వేసింది.

లెన్సును చొక్కాలో దోపుకుని ఇంటిదాకా బైకు నడిపాను.