వినిపించుకోని బాబాయి

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తన తెలివి మీద ఉండే నమ్మకం ఆ తర్వాత ఇంకెప్పుడూ ఉండదనుకుంటాను. నాకైతే అది పొంగి పొర్లేది. నరసరావుపేట దాటి ఒంటరిగా బస్సెక్కి ఎరగని పిల్లని, ఇరవై రెండేళ్లకి ఒక డిప్లొమా చేతబట్టుకుని, మాచర్ల అవతల ఒక సున్నపురాయి క్వారీలో (పేరెందుకులెండి, ఇందులో తప్పంతా నాదే) ఆరోగ్య పరీక్షల గదిలో చేరాను. డ్రిల్లు పట్టినవాళ్లూ, మందు పేల్చినవాళ్లూ, క్రషరు దగ్గర పనిచేసినవాళ్లూ ఉద్యోగం వదిలి వెళ్లేటప్పుడు ఊపిరితిత్తులు, కళ్లు, చెవులు పరీక్షించి కాగితం రాసివ్వాలి. వారానికోసారి గుంటూరు నుంచి వచ్చే డాక్టరు గారు ఊపిరితిత్తులు, కళ్లు చూసుకునేవారు. చెవులు నా వంతు. అందుకని క్వారీ అంతా నన్ను 'చెవులమ్మ' అని పిలిచేది. మొదట్లో ఏడుపొచ్చింది గానీ, తర్వాత అదే బిరుదనుకున్నాను.

పరీక్ష చాలా తేలిక. టెలిఫోన్ బూత్ అంత గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దానికి ఇవతల నా మిషను ముందు నేను కూర్చునేదాన్ని. బటన్ నొక్కితే లోపలివాళ్ల చెవిలో సన్నగా కూత వినిపిస్తుంది. వినిపిస్తే చెయ్యెత్తాలి, లేకపోతే ఊరుకోవాలి. నేను నొక్కేదాన్ని, వాళ్లు ఎత్తేవాళ్లు. ఎంత సన్నటి కూతకైనా సరే, ఒక్కరూ తప్పేవాళ్లు కాదు. ముప్పై ఏళ్లు పేలుళ్ల మధ్య బతికిన పెద్దాయన కూడా చీమ నడక వినిపించినంత చురుగ్గా చెయ్యెత్తి, నూటికి నూరు తెచ్చుకుని, అందరికీ దండాలు పెట్టుకుంటూ వెళ్లిపోయేవాడు. డాక్టరు గారు ఒకసారి నా కాగితాలు తిరగేసి, "ఏమ్మా, ఈ క్వారీలో మందు బదులు దూది పెట్టి పేలుస్తున్నారా?" అన్నారు. మెచ్చుకున్నారనుకుని ఇంటికి ఫోన్ చేసి మా అమ్మకి చెప్పాను కూడా.

ఇలా ఉండగా, క్వారీలో అందరం డ్రిల్లు బాబాయి అని పిలిచే ఆయన పదవీ విరమణ రోజు వచ్చింది. రెంటచింతల మనిషి. ఆ ఊరి ఎండలూ, డ్రిల్లు దుమ్మూ కలిసి ఆయన్ని బాగా కాల్చిన ఇటుక రంగులోకి తెచ్చాయి. క్యాంటీన్‌లో ఆయన టీ అడిగితే గేటు దగ్గర వాచ్‌మన్ ఉలిక్కిపడేవాడు, అంత గొంతు. ఆ రోజు పిన్నిని కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆవిడ తలుపవతల బల్ల మీద కూర్చుంది. ముందురోజు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయిన పుణ్యాన నాకు మెడ పట్టేసింది. అటూ ఇటూ, పైకీ కిందికీ కదలదు. పెళ్లిచూపుల్లో కూర్చున్నదానిలా నిటారుగా కూర్చుని బటన్ నొక్కాను. బాబాయి చెయ్యెత్తలేదు. శబ్దం పెంచాను. ఎత్తలేదు. ఇంకా పెంచాను. ఆయన నా మొహంలోకి దీక్షగా చూస్తూ కూర్చున్నాడు. మిషను చెడిపోయిందనుకున్నాను. డాక్టరు గారిని పిలిస్తే ఆయన హెడ్‌ఫోన్లు తన చెవులకి పెట్టుకుని, "శుభ్రంగా వినిపిస్తోంది. పైగా చెవులు చిల్లులు పడేట్టు" అన్నారు.

అప్పుడు బాబాయి ఎంతో మర్యాదగా అడిగాడు. "ఏందమ్మా చెవులమ్మా, ఇయ్యాల తల ఊపట్లా?"

బటన్ నొక్కిన ప్రతిసారీ నేను గంగిరెద్దులా తల ఊపుతానట. ఈ సంగతి నాకూ, డాక్టరు గారికీ తప్ప క్వారీలో అందరికీ తెలుసట. "పాప తలకాయి చూడు, అది ఊపగానే చెయ్యెత్తు, అంతే పరీక్ష" అని పాసైనవాళ్లు పాసవ్వాల్సినవాళ్లకి నేర్పి మరీ పంపేవాళ్లట. భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. మెడ వంగక అదీ కుదరలేదు.

డాక్టరు గారు నవ్వాపుకుని బాబాయి పక్కన కూర్చున్నారు. "ఇది పాసయ్యే పరీక్ష కాదు పెద్దాయనా. ఈ పని నీ చెవులకి ఏం చేసిందో రాసి నీ చేతికిచ్చే కాగితం. ఇవాళ బాగున్నాయని రాయించుకుని గేటు దాటావంటే, రేపు నువ్వు ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మరు" అని గట్టిగా చెప్పారు.

బాబాయి తల దించుకున్నాడు. తర్వాత తలుపు వైపు ఓసారి చూసి, తనేదో గుసగుసలాడుతున్నాననుకుని, క్రషరు దాకా వినపడేట్టు చెప్పాడు. "అదంతా సరే సార్. బయట మా ఇంటిది కూచోనుంది. పదేళ్ల నుంచి నేను దాని మాట వినిపించుకోట్లేదని తిడతా ఉంది. వినపడట్లేదని తెలిస్తే ఏడుస్తది. చానా ఏడుస్తది సార్. దానికంటే ఆ తిట్లే నయం. అయ్యయితే నాకు బానే వినపడతయ్యి."

తలుపు తెరుచుకుంది. పిన్ని కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "రాయించుకో. ఉన్నదున్నట్టు రాయించుకో" అంది. ఆయనకి వినిపించిందో లేదో గానీ అర్థమైంది. నేను కుర్చీని గోడ వైపు తిప్పుకుని, అద్దంలోంచి డాక్టరు గారు చూస్తుండగా మళ్లీ మొదలుపెట్టాను. ఎడమ చెవి దాదాపు పోయింది. కుడి చెవి సగం మిగిలింది. ఉన్నదున్నట్టే రాశాను.

నేను నూటికి నూరు వేసి పంపినవాళ్లందర్నీ వెనక్కి పిలవమన్నారు డాక్టరు గారు. ఫోన్లు చేశాను. "చెవుల పరీక్ష మళ్లీ చెయ్యాలి" అని నేను అరవడం, అవతల నుంచి "ఏందీ?" అనడం. పరీక్ష ఫలితం అక్కడే తెలిసిపోయేది. చివరికి వెల్దుర్తి, రెంటచింతల ఎండల్లో ఇల్లిల్లూ తిరిగి బతిమాలి తీసుకొచ్చాను. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత అని మా అమ్మ కాస్త కూడా జాలి పడలేదు.

ఆ రోజు బాబాయి సంతకం పెడుతుండగా పిన్ని నా పక్కకొచ్చి, "ఏ చెవమ్మా కొంచెం బాగుంది?" అని మెల్లగా అడిగింది. కుడిదన్నాను. ఇద్దరూ బస్సు కోసం బయల్దేరారు. ఆవిడ ఆయనకి ఎడమవైపు నడుస్తున్నదల్లా గేటు దగ్గర ఆగి, చుట్టూ తిరిగి కుడిపక్కకొచ్చి, మునివేళ్ల మీద లేచి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన "ఆఁ" అన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పింది. ఆ మాటకోసం అంత చుట్టు తిరిగి రావాలా, ఉన్నచోటు నుంచే గట్టిగా అంటే సరిపోయేదిగా అనుకుంది, కిటికీలోంచి చూస్తున్న ఆ ఇరవై రెండేళ్ల చెవులమ్మ. గట్టిగా అనాల్సినవన్నీ ఆవిడ ఆ పదేళ్లలో అనేసిందని ఆ పిల్లకేం తెలుసు.