గార్డు తాతయ్య రైలు సంఘం

నా చిన్నప్పుడు మా తిరువూరు వాళ్ళు రైలు చూడాలంటే బస్సెక్కి మధిర దాకా వెళ్ళాలి, లేదంటే మా పక్కింటి గార్డు తాతయ్య వరండాలోకి వెళ్ళాలి. నన్ను మధిర తీసుకెళ్ళే తీరిక ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి నేను వరండాకే వెళ్ళేదాన్ని.

తాతయ్య రైల్లో గార్డుగా చేసి, రిటైరయ్యాక సొంత ఊరు వచ్చేశారు. వస్తూ వస్తూ మద్రాసులో కొన్న కీ ఇచ్చే బొమ్మ ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా అమరే రేకు పట్టాలు తెచ్చుకున్నారు. ఆ గుండ్రం ఆయనకు నచ్చలేదు. రైలన్నాక ఒక ఊళ్ళో బయల్దేరి ఇంకో ఊరు చేరాలి గానీ గానుగెద్దులా ఉన్నచోటే తిరగడమేమిటని ఆయన బాధ. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేశాక, వరండాలో బల్లలు వరసగా వేసుకుని, కిరసనాయిలు డబ్బాల రేకు కత్తిరించి పట్టాలు పొడిగిస్తూ కూర్చునేవారు.

చూడటానికి వచ్చినవాళ్ళలో ఇద్దరు ఊరికే చూడలేక తామూ ఒక చెయ్యి వేశారు. ఒకరు బజారులో బట్టలు కుట్టే దర్జీ బాబాయి. రెండోవారు మా స్కూలు డ్రాయింగు మాస్టారు. నలుగురు ఉంటే సంఘమే కదా అని తాతయ్య పదేళ్ళ నన్ను కూడా లెక్కలో కలిపి, దానికి రైలు సంఘం అని పేరు పెట్టారు. సభ్యుడన్నవాడు రైలుకు ఏదో ఒక పని చేసిపెట్టాలి, నియమం అదొక్కటే. దర్జీ బాబాయి ఆకుపచ్చ గుడ్డపీలికలతో మామిడి తోటలు కుట్టేవారు. మాస్టారు స్టేషన్లకు పసుపు బోర్డులు రాసేవారు. తిరువూరు, గంపలగూడెం, నెమలి, ఇలా నిజంగా రైలు లేని ఊళ్ళన్నిటికీ మా వరండాలో స్టేషన్లు ఉండేవి. సన్నటి పుల్లలకు దూది అతికించి పత్తి చేలు నాటడం నా పని.

ఆ రోజుల్లో నేను అంతసేపు పక్కింట్లో గడపడానికి రైలొక్కటే కారణం కాదు. మా ఇంట్లో ఉండాలంటే నాకు భయంగా ఉండేది.

మా నాన్న బెజవాడలో లారీలకు చెక్క బాడీలు కట్టే వడ్రంగి. ఆ ఏడు రంపం మిషన్లో ఆయన కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. కట్టు విప్పాక నాన్నను ఇంటికి తీసుకొచ్చారు. చెయ్యి నెమ్మదిగా మానింది గానీ నాన్న మంచం దిగలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నలుగురూ చెయ్యి చూస్తారని శుక్రవారం నమాజుకు పోవడం కూడా మానేశాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు పైన అల్లా ఉన్నాడని, ధైర్యంగా ఉండమని చెప్పి, టీ తాగి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక నాన్న ఇంకా ముడుచుకుపోయేవాడు. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయిన అమ్మ సాయంత్రం వచ్చేసరికి, పొద్దున పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది.

ఒక ఆదివారం తాతయ్య నన్ను పిలిచి, వంపు తిరిగిన చెక్కముక్క ఒకటి చూపించారు. దాని మీద పట్టాలు పరిచి ఇంజను వదిలితే వంపు దగ్గరికి వచ్చి పక్కకు ఒరిగి పడిపోయింది. మూడుసార్లు వదిలారు, మూడుసార్లూ పడింది. ఎందుకో అంతుపట్టడం లేదని, మీ నాన్నకు చూపించి కనుక్కురమ్మని అన్నారు.

నేను చెక్క తీసుకెళ్ళి సంగతి చెప్పాను. నాన్న ఇటు తిరగలేదు. చెక్కను మంచం మీద పెట్టి, గుమ్మంలో కూర్చున్నాను. చాలాసేపటికి నాన్న ఎడమచేతి బొటనవేలితో దాని అంచు తడిమాడు. వంపులో బయటి వైపు కాస్త ఎత్తుండాలని, వీళ్ళు లోపలి వైపు ఎత్తారని, వడ్లగింజంత ఎత్తు పెంచితే చాలని చెప్పాడు. అన్ని మాటలు ఒక్కసారిగా నాన్న నోట విని ఎన్నాళ్ళయిందో. నేను పక్కింటికి పరుగెత్తాను.

మర్నాడు తాతయ్య ఇంకో చెక్క ఇచ్చారు. వడ్లగింజంత అన్నదానికి బొటనవేలంత లేపారు. ఇంజను ఈసారి లోపలికి పడుతోంది. నాన్న దాన్ని చూసి విసుక్కున్నాడు. ఆ మరుసటి రోజు వచ్చిన చెక్కకు ఎత్తు సరిపోయింది గానీ, దాన్ని అడ్డంగా కోయడంతో మధ్యలో పగులు వచ్చింది. నాన్న లేచి కూర్చున్నాడు.

“ఈయనకి కబుర్లంపితే లాభం లేదు. నా చొక్కా ఏదమ్మా?”

బొత్తాలు నేను పెట్టాను. నాన్న కుడిచెయ్యి జేబులో పెట్టుకుని పక్కింటికి నడిచాడు. నాలుగు అడుగుల దూరమే. నాకు మాత్రం అది చాలా దూరంలా అనిపించింది.

దర్జీ బాబాయి అప్పటికే అక్కడున్నారు. ఇద్దరిలో ఎవరూ చేతి సంగతి ఎత్తలేదు. తాతయ్య ఉలి అందించారు. బాబాయి చెక్కను కదలకుండా పట్టుకున్నారు. నాన్న ఎడమచేత్తో ఉలి ఆనించాడు. అది జారి చెక్క అంచు ఎగిరిపోయింది. నాన్న ఉలి కింద పెట్టి లేవబోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు వెళ్ళిపోతే మళ్ళీ రాడని పదేళ్ళ పిల్లకు కూడా తెలుస్తోంది.

దర్జీ బాబాయి తల కూడా ఎత్తకుండా, “ఇంకో ముక్క తీసుకో తమ్ముడూ. ఈ తోట కుట్టడానికి నేను పాడుచేసిన గుడ్డలకి ఒక చొక్కా అయ్యేది” అన్నారు.

నాన్న మళ్ళీ కూర్చుని ఇంకో ముక్క తీసుకున్నాడు. అదీ పాడైంది. మూడోది నిలిచింది. చీకటి పడకముందే వంపు సిద్ధమైంది. నేను కీ ఇచ్చి వదిలాను. ఇంజను వంపెక్కి, ఒక్క చక్రమైనా లేవకుండా, నెమలి స్టేషను దాటిపోయింది. మళ్ళీ వదలమన్నాడు నాన్న. ఎన్నిసార్లు వదిలానో గుర్తులేదు. ఆ రాత్రి అమ్మ పెట్టిన అన్నం మొత్తం తిని, ఇంకాస్త వెయ్యమన్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం సంఘానికి నాన్నే ముందు వెళ్ళేవాడు. రైలు పెట్టెలకు గోరంత కిటికీలు, అగ్గిపుల్లలంత కమ్మీలు చేసీ చేసీ ఎడమచేతికి పని పట్టుబడింది. డ్రాయింగు మాస్టారితో బొమ్మలు గీయించుకుని కొత్త స్టేషను కట్టాడు. నమాజుకు మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎండాకాలం దాటేసరికి మా ఇంటి ముందే మంచాలు, కిటికీలు చెయ్యడానికి కూర్చున్నాడు. పెద్ద పనిలో బరువు పట్టడానికి మనిషి కావాల్సి వస్తే దర్జీ బాబాయి కొట్టు మూసి వచ్చేవారు.

కొన్నాళ్ళకు నేను బంక కోసం తాతయ్య ట్రంకు పెట్టె తెరిచాను. అడుగున మూడు వంపు చెక్కలున్నాయి. నున్నగా, కొలతలు పెన్సిలుతో రాసి, బయటి వైపు సరిగ్గా వడ్లగింజంత ఎత్తుతో ఉన్నాయి. ఇవెప్పుడు చేశారని అడిగితే, మీ నాన్న ఊరికి రాకముందే అన్నారు తాతయ్య. నాకు కోపం వచ్చింది. మా నాన్నకు అబద్ధం చెప్పారు, నాతో మోయించారు. ఆ మాటే అనేశాను.

తాతయ్య ఆ చెక్కలు మళ్ళీ పెట్టె అడుగున సర్దేశారు. తర్వాత మెల్లగా, “మీ నాన్నకి ధైర్యం చెప్పేవాళ్ళు చాలామంది వచ్చారమ్మా. పని చెప్పేవాళ్ళు ఎవరూ రాలేదు” అన్నారు.

నాన్నకు చెప్పవద్దని కూడా అడిగారు. నేను ఆ సాయంత్రమే చెప్పేశాను. అప్పుడు నాన్న ఉయ్యాల బల్లను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఆపకుండానే నవ్వాడు.

“రెండో చెక్కకే తెలిసింది. ముప్పై ఏళ్ళు రైల్లో తిరిగిన మనిషికి వంపులో ఏ వైపు ఎత్తుండాలో తెలీదా? అంత పెద్దాయన నాకోసం కూర్చుని మంచి చెక్కలు పాడుచేసుకుంటుంటే, నేను ఎంతసేపని పడుకోను?”

తాతయ్యకు ఈ సంగతి తెలియనివ్వద్దని నాన్న కూడా నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు మాత్రం నేను నిలబెట్టుకున్నాను. తాతయ్య ఉన్నన్నాళ్ళూ, వంపుల దగ్గర తనకు చేతకాదన్నట్టే నాన్నను పిలిచేవారు. నాన్న విసుక్కుంటున్నట్టే వెళ్ళేవాడు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. గంపలగూడెం స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆదివారాలు మా ఇంటి ముందు గదిలో ఐదారుగురం కూర్చుని రైలు నడుపుతూనే ఉన్నాం. ఇప్పటివి కరెంటు ఇంజన్లు. పోయిన నెల మా వెనక వీధిలో ఒక గుమస్తా గారి భార్య పోయింది. ఆయన తలుపు వేసుకుని ఉండిపోయారు. నేను నా పింఛను కాగితాలు పట్టుకెళ్ళి, ఎలా నింపాలో తెలియడం లేదని ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు వెతుక్కుని, నేను కావాలని తప్పు గడిలో రాసిన పుట్టిన తేదీని కొట్టేసి సరిచేశారు. సరిచేస్తూ నా వైపు ఒకసారి చూశారు. నేను కాగితం వైపు చూశాను. ఆ తర్వాతి ఆదివారం మా ఇంటికి వచ్చి, మా బొమ్మ రైళ్ళకు మేం రాసుకున్న వేళల పట్టిక తిరగేసి, ఇందులో రెండు బళ్ళు ఒకేసారి నెమలికి వస్తున్నాయని తప్పు పట్టారు.

నాకు ఓదార్చడం ఇప్పటికీ సరిగ్గా రాదు. అందుకే ఎవరి తలుపైనా తట్టాల్సి వస్తే, చేతిలో ఏదో ఒక పని పట్టుకుని వెళ్తాను.