కట్ట దాటని యాకోబు మాస్టారు

యాకోబు మాస్టారు పోయారన్న సంగతి నాకు సంగం బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూత్‌లో తెలిసింది. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ చెప్పింది. "ఏ యాకోబు?" అని అడిగాను. మా ఆత్మకూరులో ఆ పేరుగలవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఆమె ఎవరి గురించి చెబుతోందో మొదటి మాటకే నాకు తెలుసు. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలారట, మళ్ళీ లేవలేదట. ముందురోజు సాయంత్రం ఆయన బాస్కెట్‌బాల్ కోర్టుకు సున్నం గీతలు వేయిస్తుంటే చూసి వచ్చాను.

ఆయన మా మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకు మేనేజరు కూడా. నేను అదే బడిలో సోషల్ చెబుతూ ఆ జట్టుకు స్కోరు రాసేవాణ్ణి. ఆయన గురించి రాయమని అడిగినవాళ్ళు కాస్త ఘనంగా రాయమన్నారు. నాకు అది చేతకాదు. చూసింది రాస్తాను.

ఏటా ఎండాకాలంలో నాలుగు ఊళ్ళ జట్ల మధ్య పోటీ జరుగుతుంది. ఆటగాళ్ళకు డబ్బిచ్చి తెచ్చుకోవడం అందరికీ అలవాటు. ఉదయగిరి జట్టు వెనక కాంట్రాక్టర్లు ఉన్నారు, చేజర్ల జట్టు వెనక వరి రైతులు తప్ప ఎవరూ లేరు. అందుకని మాస్టారే పట్టుబట్టి ఒక ఒప్పందం చేయించారు. ఒక జట్టు తన ఆటగాళ్ళందరికీ కలిపి ఇచ్చేది ఫలానా మొత్తం దాటకూడదు. ఆ హద్దుకు మావాళ్ళు పెట్టుకున్న పేరు 'కట్ట'. "కట్ట ఉండాది గనకనే చేజర్లోళ్ళు కూడా మనల్ని ఓడించగలుగుతున్నారు" అని ఆయన సంతోషంగా చెప్పేవారు. ఓడిపోయి వస్తూ చెప్పేవారు.

ఉదయగిరివాళ్ళు ఒక ఆటగాడికి స్కూటరు కొనిచ్చి అది పెళ్ళి కానుక అన్నప్పుడు, ఆ స్కూటరును కట్టలో కలిపించింది ఆయనే. మా జట్టుకు చర్చి ఆడవాళ్ళు ఉడికించి పంపే గుడ్లను కూడా కలిపేశారు. "కోడి కూడా కట్ట లోపలే గుడ్డు పెట్టాలా సార్?" అని మా కుర్రాళ్ళు ఎగతాళి చేశారు. ఆయన నవ్వలేదు. గుడ్లకు ఖరీదు కట్టి రాయించారు.

మేం వరసగా ఓడిపోతూ వచ్చాం. చివరికి బడి యాజమాన్యం, ఈసారి కూడా గెలవకపోతే కోర్టు తీసేసి అక్కడ గదులు కడతామని చెప్పింది. ఆ కోర్టు లేకపోతే మాస్టారికి వేరే బతుకు లేదు. అప్పుడే ఆయన ఓబులేసు కోసం బయలుదేరారు.

ఓబులేసు సోమశిల జలాశయంలో చేపలు పట్టేవాడు. అతనూ అన్న నరసింహులూ జంటగా ఆడితే ఆపగలిగినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని పేరు. అన్న పడవ తిరగబడి నీళ్ళలో పోయాడు. శవం దొరకలేదు. ఆ తరవాత ఓబులేసు ఏ జట్టుకూ ఆడలేదు.

మాస్టారితో నేనూ వెళ్ళాను. ఎండలకు నీళ్ళు వెనక్కి తగ్గి, మునిగిన ఊరి మొండిగోడలు బయటపడి ఉన్నాయి. ఎటు చూసినా పగుళ్ళిచ్చిన ఒండ్రు. ఆ నేల మీద బంతి ఎగరదు. అయినా బంతి ఎగురుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే, పాత బడి ముందున్న సిమెంటు గచ్చును శుభ్రంగా గీకి ఓబులేసు ఒక్కడే ఆడుతున్నాడు. ఆడుతూ ఆడుతూ బంతిని పక్కకు విసిరేవాడు. కాసేపు ఆగి, నెమ్మదిగా నడిచి వెళ్ళి తెచ్చుకునేవాడు. అలా ఎందుకు విసురుతున్నాడో మేం అడగలేదు.

మాస్టారు వచ్చిన పని చెప్పారు. అతను విని, "వస్తా సార్. మా అన్నక్కూడా ఒక భాగం పెట్టండి. మా అమ్మ చేతికియ్యండి. బెంచీ మీద వాడికి చోటుండాల" అన్నాడు.

మాస్టారు సరేనన్నారు.

ఈ మాట బయటికి రాగానే పాస్టరుగారు మాస్టారిని పిలిపించి, పోయినవాడికి భాగమేమిటని అడిగారు. "నేను దయ్యానికి పెట్టడంలా అయ్యగారూ, ఆటగాడికి పెడతన్నా" అని చెప్పి వచ్చారు. అసలు చిక్కు వేరే ఉంది. ఓబులేసు భాగం పెద్దది. అన్నకూ అంతే ఇస్తే, మిగిలిన దాంట్లో ఇంకో నలుగురికి మించి రారు. ఆడేందుకు సరిగ్గా ఐదుగురు, మార్చుకోవడానికి ఒక్కడూ ఉండడు. ఉదయగిరి మేనేజరే జాలిపడి, ఆ తల్లికిచ్చేది కట్ట బయట పెట్టుకోండి, మేమెవరమూ అడ్డుచెప్పం అన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు.

"బయట పెడితే అది దానం. లోపల పెడితేనే వాడు జట్టులో ఉన్నట్టు."

ఫైనల్ ఉదయగిరిలో జరిగింది. కొండ నీడ కోర్టు మీదికి వచ్చేసిన వేళ మావాడొకడు ఫౌళ్ళు నిండి బయటికి వెళ్ళాడు. మాకు నలుగురు మిగిలారు, వాళ్ళు ఐదుగురు. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఓబులేసు ఎవరూ లేని మూలవైపు తిరిగి, బంతి విసరబోయినట్టు చేయి చాచాడు. విసరలేదు. కానీ ఉదయగిరి ఆటగాడొకడు పరుగెత్తి వెళ్ళి ఆ మూల చేతులు చాపి నిలబడ్డాడు. ఆ తరవాత ఆ మూల వదల్లేదు. వాళ్ళ మేనేజరు గొంతు చించుకుంటున్నా, ఖాళీ జాగాను కాస్తూ అటూ ఇటూ అడుగులేశాడు. మిగతా ఆట నలుగురికీ నలుగురికీ మధ్య జరిగింది. ఒక్క బాస్కెట్ తేడాతో గెలిచాం. కోర్టు నిలిచింది.

ఆట అయ్యాక వాళ్ళ మేనేజరు ఆ మూల కాసినవాడి చొక్కా పట్టుకున్నాడు. "యాడ నిలబడినావురా నువ్వు?"

"వాణ్ణి ఉత్తగా ఇడిస్తే ఎట్టన్నా? బంతి వాడికే ఇస్తన్నాడు గదా."

"ఎవడికి?"

అతను మూలకేసి చూశాడు. మాస్టారు దగ్గరికి వెళ్ళి అతని వీపు మీద చేయివేసి, నీళ్ళు తాగించారు. దారిలో నేను ఆ సంగతి ఎత్తితే, "ఆ పిల్లోడు బాగా కాసినాడు" అని మాత్రం అన్నారు.

మాస్టారి సమాధి దగ్గరికి ఓబులేసు వచ్చాడు. మట్టి వేశాడు. ప్రార్థన అయ్యేదాకా దూరంగా నిలబడి, అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చాడు. ఇకమీద జట్టు నేనే చూడాలని అప్పటికే అందరూ అనుకుంటున్నారు.

"సారుక్కూడా ఒక భాగం పెట్టండి సార్. అమ్మగారి చేతికియ్యండి. ఆయన బెంచీ మీద ఉంటేనే నేనొచ్చేది" అన్నాడు. అడుగుతున్నప్పుడు అతను నావైపు చూడలేదు. నా పక్కన, కాస్త వెనగ్గా చూస్తున్నాడు. నేను తిరిగి చూడలేదు.

అప్పటినుంచీ లెక్క వేస్తూనే ఉన్నాను. ఇంకో భాగం తీస్తే బతికున్నవాళ్ళు నలుగురే వస్తారు. నలుగురితో ఆట మొదలుపెట్టనివ్వరు. కట్ట బయట పెడదామంటే ఆయన అన్న మాట ఉంది. ఓబులేసు రాకపోతే ఓడిపోతాం, యాజమాన్యం మళ్ళీ గదుల మాట ఎత్తుతుంది. అతనికి కాదని నచ్చజెప్పి, అయినా ఆడించగలిగిన మనిషి మా అందరిలో ఒక్కరే ఉండేవారు. ఆయన్ని మొన్ననే మట్టిలో పెట్టి వచ్చాం.