మా అత్త దాచుకున్న చప్పట్లు

పోయిన బుధవారం పొద్దున్నే సుంగై సిపుట్ నుంచి ఫోను వచ్చింది. చేసింది మా అత్త మనవడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి రాదు. "తాతా, పాట్టి పోయింది లా," అన్నాడు అరవమూ తెలుగూ కలిపి. పాట్టి అంటే అవ్వ, లా అన్నది ఇక్కడ అందరి నోటా ఉండే ఊతపదం. "నిద్రలోనే," అని చేర్చాడు. నేను క్లాంగ్‌లో మా ఇంటి వరండాలో నిలబడి ఉన్నాను. కళ్లనిండా నీళ్లున్నాయి, కానీ నోట్లోంచి వచ్చిన మాట మాత్రం, "ఎవుల్ని గెలిసినాది?" అని. వాడికేమీ అర్థం కాలేదు. మీకూ అర్థమై ఉండదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆవిడ మా నాన్నకి అక్క. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచిన మనిషి. తొంభై దగ్గర పడ్డాక కూడా, ఎవరైనా వచ్చి ఏదైనా గెలిచామని చెబితే ముందు ఆ ప్రశ్నే వేసేది. "గెలిసినామని సెప్పకండ్రా. ఎవుల్ని గెలిసినారో సెప్పండి." దానికి సరైన జవాబు ఉంటేనే చప్పట్లు కొట్టేది. మూడే మూడు. ముప్పై ఏళ్లు రబ్బరు చెట్లు గీసిన చేతులవి. ఆ మూడూ తగిలితే చెవులు గింగుర్లెత్తేవి.

మాది మలేసియాలో సుంగై సిపుట్ దగ్గర ఒక రబ్బరు తోట. అడవిలోని కమ్యూనిస్టు తిరుగుబాటుదార్లతో తెల్లదొరలు పోరాడుతున్న ఎమర్జెన్సీ రోజుల్లో, చెల్లాచెదురుగా ఉన్న కూలీల ఇళ్లన్నీ ఒక్కచోటికి చేర్చి చుట్టూ ముళ్లకంచె వేశారు. మా ఫుట్‌బాల్ మైదానం కంచెకి బయట ఉండిపోయింది. గోల్ కర్రలు కనిపిస్తూనే ఉంటాయి, వెళ్లడానికి లేదు. కంచె లోపల చదునుగా ఉన్న జాగా ఒక్కటే, రబ్బరు షీట్లు ఆరేసే సిమెంటు కళ్లం. దానికి రెండు కొసలా కర్రలు పాతి, పైన చెక్కలు కొట్టి, లారీ షెడ్డులో దొరికిన ఇనప చట్రాలు బిగించి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాం. బడి మాస్టారు నాలుగు నియమాలు చెప్పారు. మిగతాదంతా మా ఉడుకు రక్తం. అప్పటికి నాకు పదిహేడేళ్లు. పొద్దున్న అత్త పక్కనే చెట్లు గీసేవాణ్ణి, సాయంత్రం బంతి పట్టుకునేవాణ్ణి.

కళ్లం ఆదివారం పూట మాకు వదిలిపెట్టమని దొరని ఒప్పించింది పెద్ద కిరాణి గారు, అంటే తోట హెడ్ గుమాస్తా. ఆఫీసులో లెక్కలన్నీ ఆయనవే, మా జట్టుకి కార్యదర్శీ ఆయనే. దొర ఒక షరతు పెట్టాడట, తోటకి పేరు తేవాలి, లేకపోతే కళ్లం షీట్లకే ఉంటుందని. ఆ షరతు పెద్ద కిరాణి గారి గుండెలో రాయిలా పడింది. అప్పట్నించి ఆయన మా కళ్లానికి ఎవర్ని పిలిచేవాడనుకున్నారు? ఊపిరాడని వాళ్లని. పట్నం ఆసుపత్రి నుంచి పొట్టలేసుకొచ్చిన డ్రెస్సర్లని. మీసాలు రాని బడి పిల్లల్ని. ప్రతి ఆదివారం గెలిచేవాళ్లం. దొర బంగళా అరుగు మీంచి తలూపేవాడు. మేం కప్పు ఎత్తేవాళ్లం. ఆ కప్పు కూడా పెద్ద కిరాణి గారు కొన్నదే.

మొదటి రెండు ఆటలకీ జనం ఈలలు వేశారు. నాలుగో ఆటకి ఆడవాళ్లు బియ్యం ఏరుకుంటూ కూర్చున్నారు. ఆరో ఆటకి సగం మంది ఇళ్లలోంచి బయటికే రాలేదు. వారమంతా కంచె లోపల మగ్గిపోయిన మనుషులకి ఉన్న ఒక్క వేడుక అది. అది కూడా చప్పగా చేస్తే ఎవరికి కోపం రాదు! మా అత్త మాత్రం ప్రతి ఆటకీ వచ్చేది. రబ్బరు పాల బకెట్టు బోర్లించుకుని కళ్లం గట్టు మీద కూర్చుని, చేతులు కట్టుకుని, ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టకుండా చివరిదాకా చూసేది. అరవని అభిమాని అంత భారం ఇంకేదీ ఉండదు. బంతి వేసిన ప్రతిసారీ నేను ఆవిడ వంకే చూసేవాణ్ణి.

ఒక ఆదివారం ఒక చిన్న తోట జట్టు వచ్చింది, నలుగురితో. ఐదోవాడికి జ్వరమట. పెద్ద కిరాణి గారు ఏమాత్రం తడబడకుండా నన్ను వాళ్లకి అరువిచ్చాడు. నేను అవతలి జట్టులో ఆడాను, చిత్తుగా ఓడిపోయాను. కప్పు మళ్లీ మాకే. ఆ రోజు అత్త లేచి బకెట్టుని కాలితో తన్నింది.

"సొంత మేనల్లుణ్ణి ఓడించి కప్పు ఎత్తుతారేటి? సిగ్గునేదా మీకు?"

పెద్ద కిరాణి గారు కళ్లజోడు సర్దుకున్నాడు. "గెలుస్తున్నాం గదమ్మా. ఇంకేటి కావాలి నీకు?"

"ఇది నీల్ల పాలు బాబూ. బకెట్టు నిండుద్ది, రబ్బరు దిగదు."

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. రబ్బరు పాలలో నీళ్లు కలపడం తోటలో ఎంత తలవంపో అందరికీ తెలుసు. పెద్ద కిరాణి గారి ముఖం కందిపోయింది. ఆ రాత్రి అన్నం తింటూ నేను అత్తని కోప్పడ్డాను, ఆయనకి కోపం వస్తే కళ్లం పోతుందని. "ఉంటే ఏటి, పోతే ఏటి, ఇలాటి ఆటకి?" అంది. తర్వాత కాస్త మెత్తబడి, "నువ్వు బాగా ఆడతావురా. ఎంత బాగా ఆడతావో నాకే తెల్దు. నీ ఎదర నిలబడినోళ్లు తెలీనీరు," అంది. ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మలాయి భాషలో లవాన్ అంటే ఎదిరి జట్టు, పోటీవాడు. కవాన్ అంటే స్నేహితుడు. మా అత్తకి ఈ రెండూ జన్మలో కుదరలేదు. ఎదిరి జట్టుని ఎప్పుడూ కవాన్ అనేది. "అత్తా, కవాన్ కాదు, లవాన్," అని నేను వందసార్లు దిద్దాను. "రెండింట్లోనూ వానుంది గదేటి, తడిస్తే సాలు లా," అని కొట్టిపారేసేది.

మా తోటకి రెండు మైళ్లలో చీనావాళ్ల కొత్త ఊరు ఒకటుండేది. అడవి అంచున ఉన్నవాళ్లని తెచ్చి అక్కడ పెట్టి, వాళ్ల చుట్టూ కూడా కంచె వేశారు. అడవిలో ఉన్న తిరుగుబాటుదార్లకి తిండి పంపుతారని అనుమానం. అందుకని వాళ్లతో ఎవరూ మాట కలిపేవారు కాదు. వాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు గురించి మాత్రం అందరూ గుసగుసగా చెప్పుకునేవారు, గాలిలో ఎగురుతారని. వాళ్లని పిలవండని మేం ఒకసారి అడిగితే పెద్ద కిరాణి గారు వినబడనట్టు నటించాడు.

ఆ ఊరి ఆడవాళ్లు కొందరు మా తోటలోనే చెట్లు గీయడానికి లారీలో వచ్చేవారు. పాలు తూచే కొట్టు దగ్గర మా అత్త వెనక ఎప్పుడూ ఒక చీనా ఆవిడ నిలబడేది. రెండేళ్లలో ఇద్దరూ తలూపుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు. ఆవిడ కొడుకే ఆ జట్టు కెప్టెన్ అని ఎవరో చెప్పారు. మెర్డెకా, అదే దేశానికి స్వాతంత్ర్యం, ఇంకా కొన్ని వారాలుందనగా, ఒకరోజు మా అత్త వెనక్కి తిరిగింది.

"కిత మావు కవాన్ కువాట్," అంది.

మాకు గట్టి స్నేహితుడు కావాలి అని. తను అడుగుతున్నది గట్టి పోటీ అనే ఆవిడ నమ్మకం. నేను పక్కనే ఉన్నాను, నాలుక కరుచుకున్నాను. చీనా ఆవిడ చాలాసేపు మా అత్త ముఖంలోకి చూసింది. "బతుల్?" అంది, నిజమేనా అని. "బతుల్ లా. ఆదివారం. నీ కొడుకుని అంపు," అంది అత్త, చివరి ముక్క తెలుగులోనే, చేత్తో బంతి విసిరినట్టు చూపిస్తూ. చీనా ఆవిడ ఆ చెయ్యి చూడలేదు. కళ్లు తుడుచుకుంటోంది.

ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గర లారీ ఆగింది. ఏడుగురు కుర్రాళ్లు దిగారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలు, నూనె రాసిన జుట్టు, నల్ల తోలు బూట్లు. స్నేహానికి పిలిస్తే వచ్చినవాళ్లు కదా! తినేది ఏదీ గేటు దాటించడానికి వీల్లేని రోజులు కనక, కిరసనాయిలు డబ్బాలో కాగితంపూల మొక్క ఒకటి తెచ్చారు. కాపలా జవాను ఆ మట్టిలో కూడా కత్తి గుచ్చి చూశాడు, బియ్యం దాచారేమోనని. కెప్టెన్ ఆ మొక్కని తెచ్చి మా అత్త చేతిలో పెట్టి, "కవాన్," అన్నాడు.

"ఆఁ, కవాన్," అంది అత్త సంబరంగా. మొక్క కింద పెట్టి, మా బంతి తీసి అతని చేతుల్లో పెట్టింది.

అతను బంతి వంక చూశాడు. తన బూట్ల వంక చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. నేను వచ్చీరాని మలాయిలో జరిగిన పొరపాటు చెప్పాను. ఏడుగురూ నవ్వారు, మేమూ నవ్వాం. అత్త ఒక్కతే, "ఏటయింది లా? ఎందుకు నవ్వుతారు?" అని అందర్నీ అడుగుతోంది.

ఈలోగా పెద్ద కిరాణి గారు పరుగున వచ్చాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "దొర చూస్తున్నాడు. ఓడితే రేపే ఆ కర్రలు పీకించేస్తారు. తర్వాత నన్నేం అనొద్దు," అన్నాడు. జనం అప్పటికే కళ్లం చుట్టూ మూగారు. ఆరో ఆట నుంచి ఇళ్లు కదలనివాళ్లు కూడా వచ్చారు. కర్రలు పోతే ఇక ఆదివారాలు ఉండవు. అది అందరికీ తెలుసు. అత్తకి అందరికంటే బాగా తెలుసు, ఎందుకంటే ఆ నింద పడేది ఆవిడ నెత్తిమీదే.

చీనా కుర్రాళ్లు గట్టు మీద కూర్చుని బూట్లు విప్పారు. తోలు బూట్లతో ఆడలేరు. మాకు కాన్వాసు బూట్లున్నాయి. అత్త మా దగ్గరికి వచ్చింది.

"మీరూ ఇప్పండి."

"అత్తా! ఓడిపోతాం," అన్నాను.

"ఓడిపోండి. నీల్లు కలపకండి."

విప్పాం. మధ్యాహ్నపు సిమెంటు పెనంలా కాలుతోంది. పదిమందిమీ గెంతుతూనే ఆట మొదలుపెట్టాం. ఆ ఆట గురించి నేను యాభై ఏళ్లుగా చెబుతున్నాను, మా ఇంట్లో వినేవాళ్లు లేరు. మీరైనా వినండి. వాళ్లు నిజంగానే గాలిలో ఎగిరారు. మొదటి సగంలో మేం పది పాయింట్లు వెనకబడ్డాం. కెప్టెన్ ఒకసారి కళ్లం మధ్య నుంచి, చూడకుండా వేసినట్టు వేశాడు. బంతి చట్రానికి తగలకుండా దిగిపోయింది. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఆ నిశ్శబ్దంలో మూడు చప్పట్లు వినబడ్డాయి.

మా అత్త. నా జట్టుకి ఏనాడూ కొట్టని చప్పట్లు, అవతలివాడికి కొట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. అంత కోపం నా జన్మలో రాలేదు. ఆ కోపమే కాళ్లలోకి దిగింది. నాకే కాదు, మా ఐదుగురికీ. అప్పటిదాకా మాలో ఉందని మాకే తెలియని ఆట బయటికి వచ్చింది. పదీ ఏడయింది, ఏడూ మూడయింది. ఆడవాళ్లు గిన్నెలు వాయించారు. చివరి నిమిషంలో ఒక్క పాయింటు తేడా. బంతి నా చేతికి వచ్చింది. కెప్టెన్ నా మీదకి ఎగిరాడు, నేను వేశాను. అది చెక్కకి తగిలి, చట్రం మీద కూర్చుని, కాసేపు ఆలోచించి, దయతలచి లోపలికి పడింది. ఒక్క పాయింటుతో గెలిచాం.

అంత కేక ఆ కంచె ఎన్నడూ విని ఉండదు. నన్ను ఎత్తేశారు. పైనుంచి చూస్తే మా అత్త బకెట్టు మీదికెక్కి నిలబడి ఉంది. నా కళ్లలోకి చూస్తూ కొట్టింది, ఒకటి, రెండు, మూడు. నేను తర్వాత ఎన్నో మెప్పులు పొందాను. వాటిలో ఒక్కటీ దానికి సరిరాదు.

దొర అరుగు దిగి వచ్చి కెప్టెన్‌కి, నాకు చెయ్యి కలిపాడు. ఇలాంటి ఆటలు ఇంకా పెట్టించమన్నాడు. పెద్ద కిరాణి గారు ఛాతీ విరుచుకుని, "నేనే పిలిపించినాను సార్," అన్నాడు. నాకు మండింది. అత్త మాత్రం, "సెప్పుకోనీ పాపం. ఇంకనించి పిలవక సస్తాడేటి?" అంది. అన్నట్టే, ఆ తర్వాత ఆయన ఒక్క పొట్ట జట్టుని కూడా పిలవలేదు.

మెర్డెకా వారంలో మేం వాళ్ల ఊరికి ఆడటానికి వెళ్లాం. కంచెలు ఇంకా అలాగే ఉన్నాయి, కాని మా లారీ కోసం వాళ్ల గేటు బార్లా తెరిచారు. అందరూ మెర్డెకా అని అరుస్తుంటే మా అత్త "మెర్డెకా కవాన్!" అని అరిచింది. ఆ ఊరంతా ఆ మాటే అందుకుంది. ఆ ఆటలో వాళ్లు గెలిచారు. తర్వాతి ఏడాది మళ్లీ మేం. రెండు ఊళ్లలోనూ ఎదిరి జట్టుని లవాన్ అనడం మానేశారు.

చాలా ఏళ్ల తర్వాత పోర్ట్ క్లాంగ్‌లో గోదాము పనిలో నాకు పై పదవి వచ్చిందని గొప్పగా చెప్పడానికి వెళ్లాను. "ఎవుల్ని గెలిసినావు?" అంది. ఆ పదవికి అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే. తిరిగొచ్చి, అందరూ భయపడే పెద్ద పరీక్షకి కట్టాను. రెండోసారికి గట్టెక్కి మళ్లీ వెళితే, ఆ ముసలి చేతులు మూడుసార్లు మోగాయి. నేను ఇవాళ ఏమైనా అయ్యానంటే ఆవిడ ఊరికే చప్పట్లు కొట్టకపోవడం వల్లే అయ్యాను.

బుధవారం సాయంత్రం నేను సుంగై సిపుట్ చేరేసరికి అత్తని ముందుగదిలో పడుకోబెట్టి ఉంచారు. వాకిట్లో కాగితంపూలు విరగబూసి ఉన్నాయి, ఆ మొక్క కొమ్మ నుంచి కొమ్మగా బతుకుతూ వచ్చిందే. గేటు దగ్గర కారు ఆగింది. ఒక ముసలి చీనా ఆయన మనవరాలి భుజం పట్టుకుని దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నల్ల తోలు బూట్లు. గడప దగ్గర ఎవరో కుర్చీ వేయబోతే వద్దని, మెట్టు మీదే కూర్చుని, బూట్ల తాళ్లు విప్పుకున్నాడు. ఉత్తి పాదాలతో నడిచి వచ్చి అత్త కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

"కవాన్ కువాట్," అన్నాడు.

తర్వాత రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. ఏడుస్తున్నవాళ్లంతా ఆగిపోయి తలెత్తి చూశారు. ఆయన రెండోది కొట్టాడు. మూడోదానికి నా చేతులు కూడా ఆయన చేతులతో కలిసి మోగాయి.