తిప్పన్న పట్టనన్న టెంకాయ

తిప్పన్నను మా ఊళ్లో ఇప్పటికీ నీళ్ల తిప్పన్న అనే పిలుస్తారు. ఆయన నీళ్లు చూడడం మానేసి ఏళ్లయింది, పేరు మాత్రం వదల్లేదు. మా వాళ్లంతే, మనిషి మారినా పిలుపు మార్చరు.

నీళ్లు చూడడమంటే అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకొని, చెప్పులు విడిచి చేనంతా తిరగడం. కింద నీళ్లున్న చోట టెంకాయ దానంతట అదే నిలువుగా లేస్తుందని నమ్మకం. లేచిన చోట సున్నంతో గుర్తు పెడితే అదే బోరు పాయింటు. బత్తలపల్లె చుట్టుపక్కల తిప్పన్న కాలు పెట్టని చేను లేదు. మొదట్లో కొన్ని చోట్ల నీళ్లు పడ్డాయి కూడా. పోనుపోను భూమిలో తడే లేకుండా పోయింది. ఆయన చేతిలో టెంకాయ మాత్రం లేస్తూనే ఉంది. ఒక బోరు ఎండితే ఇంకో మూల, అదీ ఎండితే ఇంకొంచెం లోతు. గొడ్లనమ్మి, తాళిబొట్టు తాకట్టు పెట్టి బోర్లు వేయిస్తూనే ఉన్నారు. ఇది జూదం కాదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. పేకాట ఆడేవాడికి తాను ఆడుతున్నానని తెలుసు, వీళ్లకు అదీ తెలియదు.

బసప్ప అట్లా చెడినవాడే. తిప్పన్న గుర్తు పెట్టిన చోటల్లా చేనంతా బొక్కలు పొడిపించి, చివరికి పెళ్లాం పుష్పావతిని వెంటబెట్టుకొని బెంగళూరుకు కట్టడం పనికి పోయాడు. వాళ్లు పోయిన ఏడే పీర్ల పండక్కి తిప్పన్న గుగూడు పోయాడు. అక్కడి కుళ్లాయిస్వామికి కులం మతం లేకుండా అందరూ మొక్కుకుంటారు. తిప్పన్న ఒక్కపొద్దులుండి, పీర్ల ముందు చక్కెర పెట్టి చదివించి, తన చేతి టెంకాయను స్వామికిచ్చేశాడు. "ఇంగ దీన్ని పట్టను. నన్నెట్లా బతికిస్తావో నీ ఇష్టం" అని చెప్పి వచ్చాడు.

స్వామి ఎట్లా బతికించాడంటే, గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. శెనక్కాయ ఊడలు భూమిలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. మేకలను సంతకు తోలేశారు. ఉపాధి పని ఉన్న రోజు తిప్పన్నా, పెళ్లాం రామాంజినమ్మా ఎండలో గుంతలు తవ్వారు, లేని రోజు గోడకానుకొని కూర్చున్నారు. రామాంజినమ్మకు మోకాళ్లు పట్టేశాయి. తిప్పన్నకు జబ్బంటూ ఏమీ లేదు, ఉన్నదల్లా అలసటే. నిద్ర లేచేటప్పుడు కూడా ఆయన మొహం పని నుంచి వచ్చినవాడి మొహంలాగే ఉండేది.

దీనికి తోడు మనుషులు ఊరుకోరు కదా. వద్దన్న కొద్దీ ఆయన చేతికి గిరాకీ పెరిగింది. స్వామికి మొక్కిన చెయ్యి, ఇప్పుడు చూస్తే గురి తప్పదని ఎవడో మాట పుట్టించాడు. మనిషి మానేశాడప్పా అంటే, మానేశాడు కాబట్టే నమ్మకమంట. వింటే నాకు ఒళ్లు మండేది. తిప్పన్నకు మండే ఓపిక కూడా లేదు. వచ్చినవాడికల్లా "లేదప్పా, పో" అనేవాడు.

ఇంట్లోనూ అదే పోరు.

"ఒక్క పూట తిరిగొస్తే నెల గడుస్తాది. స్వామికి నా మోకాళ్లు కనపడవా?" అంది ఒకరోజు రామాంజినమ్మ.

"కనపడతాయి."

"మరి?"

"మరి అంటే నాకూ తెలీదు" అన్నాడు తిప్పన్న.

మొన్న ఉగాది దాటినాక బసప్ప తిరిగొచ్చాడు. మూటలు ఇంట్లో పడేసి, పుష్పావతితో సహా నేరుగా తిప్పన్న అరుగు దగ్గరికే వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"మామా, కంకర మోసి మోసి మా ఇంటిదానికి నడుము పోయింది. ఇంగ మాతో కాదు. ఒక్క బోరు పడితే ఈడనే ఉండిపోతాం. నువ్వు చూడల్ల" అన్నాడు.

"నా చేత్తో నువ్వు చెడింది చాలదా బసప్పా?"

"అప్పటి చెయ్యి వేరు. ఇప్పుడు స్వామి ఉండాడు నీ చేతిలో."

తిప్పన్న తల వంచుకున్నాడు. రామాంజినమ్మ లోపలికి పోయి, దేవుని పటం ముందు పూజకు పెట్టుకున్న టెంకాయను తెచ్చి అరుగు మీద పెట్టింది. అంతసేపూ నేను ఆయన కుడి చేతినే చూస్తున్నాను. ఆ చెయ్యి తనంతట తానే తెరుచుకుంది. ఇంకేముంది, మొక్కు తప్పి పడిపోయాడనుకున్నాను. పడిపోయినా ఆయన్ను తప్పు పట్టేవాణ్ని కాదు, నిజం చెబుతున్నాను.

తిప్పన్న టెంకాయ తీసుకొని అరుగు అంచుకు కొట్టాడు. ఒక చిప్ప బసప్ప చేతిలో పెట్టాడు.

"తిను. దీంతో అయ్యే పని ఇంతే."

బసప్ప దాన్ని అక్కడే వదిలేసి లేచాడు. "నువ్వు చూడకపోతే పాయె. సోమందేపల్లె పక్క ఇంకొకాయప్ప ఉండాడు" అని వెళ్లిపోయాడు.

ఆ ఇంకొకాయన వచ్చాడు, ఆయన టెంకాయా లేచింది. బోరు లారీ వచ్చింది. ఊరంతా చేనిగట్టున నిలబడి చూశాం. రాడ్డు మీద రాడ్డు దిగుతున్న కొద్దీ తెల్లటి రాతిపొడి లేచి అందరి నెత్తినా పడింది. ఆ పొడిలో తడి ఎప్పుడొస్తుందా అని పుష్పావతి పిడికిట్లోకి తీసుకొని పిసికి చూస్తూనే ఉంది. రాలేదు. లారీ వెళ్లిపోయింది, జనమూ పలచబడ్డారు.

తిప్పన్న అప్పుడొచ్చాడు, ఎవరూ పిలవకుండానే. ఆయన్ను చూస్తూనే బసప్ప లేచాడు.

"నువ్వు చూసింటే పడింటాండె. నీ మొక్కు నా నోట్లో మన్ను కొట్టింది."

ఉన్న నలుగురూ అవునన్నట్టు తలాడించారు. నాకైతే నోటికి ఏదో రాబోయింది. తిప్పన్న నా పక్క చూసి వద్దన్నాడు. వచ్చి ఆ పొడిలోనే బసప్ప కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"టెంకాయ లేసేది నీళ్లకు కాదు బసప్పా. నేను నీ మొకం చూసుకుంటా నడుస్తాంటి. నువ్వు యాడ ఆశగా చూస్తే ఆడ లేస్తాండె. అది నాకే శానా దినాలు తెలీలేదు. తెలిసినాక పట్టలేకపోతి."

బసప్ప ఆయన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు, మోకాళ్లు మడిచి ఎదురుగా కూలబడ్డాడు. అక్కడి నుంచే అడిగాడు.

"మరి స్వామిని నమ్ముకుంటివే. ఆయప్ప ఏమిచ్చె నీకు?"

"ఏమీ ఇయ్యలే. మనం ఆశపడిన చోటల్లా టెంకాయ మాదిరి ఆయప్ప లేయడు. అందుకే నమ్ముతాండా."

పుష్పావతి చేతులు చీరకు తుడుచుకొని లేచింది. గట్టు మీదున్న బండను ఒక్కతే తోయబోయింది. "పిల్లోళ్లు తిరిగే చేను. ఆ బొక్క మూయండి" అంది. అందరం తలా ఒక చెయ్యి వేశాం. బండ బోరు మీద కుదురుకున్నాక బసప్ప దాని మీదే తల ఆనించి ఏడ్చాడు. తిప్పన్న ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు.