పెద్ద సిస్టర్ చేతులు

పెద్ద సిస్టర్ పోయారు. ఆమె తమ్ముడు గుడుపల్లె నుంచి ఫోన్ చేసేసరికి నేను మదనపల్లెలో, నేను పనిచేసే చర్మ వైద్యశాలలో, ఒకామె ముఖానికి మందు పూసి ఉన్నాను. తోటి నర్సు ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పట్టుకుంది.

"అక్క లేదమ్మా. పొద్దున నీళ్లు తాగతా తాగతానే కూలబడిపోయింది. వచ్చేదానికైతే రా" అన్నాడు.

మచ్చలు పోవడానికి పూసే ఆ మందును సమయానికి కడిగెయ్యాలి. ఏమరితే చర్మం కాలుతుంది. అందుకని ఏడవలేదు. తడి దూదితో ఆమె నుదురూ చెంపలూ తుడిచాను, చల్లటి గుడ్డ పరిచాను, ఎండలో తిరగొద్దని చెప్పి పంపాను. తర్వాత వెనక గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. ఆ మందు పూయడమూ, తుడవడమూ, ఎండలో తిరగొద్దని చెప్పడమూ అన్నీ నాకు నేర్పింది పెద్ద సిస్టరే.

మీలో చాలామందికి ఆమె తెలియదు. పేరున్న మనిషి కాదు. ఎప్పుడూ సన్మానం జరగలేదు. పుంగనూరులో కొన్నేళ్లు ఒక మేడ మీద రెండు గదులు నడిపారు, అంతే. అయినా ఆమె గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది నిమ్మనపల్లె దగ్గర పల్లె. తొంభైల మొదట్లో నర్సింగ్ ముగించి మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో చేరితే నన్ను కాలిన గాయాల వార్డులో వేశారు. ఆ వార్డుకు హెడ్ నర్సు ఆమే. అందరూ పెద్ద సిస్టర్ అనేవాళ్లు. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పొడుగ్గా, కొంచెం వంగినట్టు నడిచేవారు. రోగిని ముట్టుకునే ముందు చేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకునేవారు. "కాలినోళ్లకు సల్లటి చెయ్యి తగిలినా ఉలిక్కిపడతారు పాపా" అనేవారు.

ఆ వార్డులో ఒకామె ఉండేది. పంపు స్టవ్వు పేలి ముఖం ఒక పక్కంతా కాలింది. బతకదనుకున్నాం, బతికింది. ఒక రోజు నన్ను అద్దం అడిగింది. ఇవ్వాలా వద్దా అని నేను తడబడుతుంటే పెద్ద సిస్టర్ పిలిచి, "అద్దం అడిగిందంటే రేపటి గురించి ఆలోచన చేస్తాండాది. ఇయ్యి. ఇచ్చేసి పక్కనే నిలబడు, పొయ్యేయొద్దు" అన్నారు. ఇచ్చాను. ఆమె చూసుకుని, అద్దాన్ని దిండు మీద బోర్లించి, గోడవైపు తిరిగి పడుకుంది. ఇంటికి పంపిన రోజు మొగుడు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, రోజూ సంగటి తెచ్చి తినిపించినవాడే. కానీ గేటు దగ్గరికి పోగానే, "కొంగు కప్పుకో, జనం సూస్తాండారు" అన్నాడు. ఆమె కప్పుకుంది.

పెద్ద సిస్టర్ కిటికీలోంచి అది చూశారు. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు, "గాయం మానితే డిశ్చార్జి రాస్తాము. ఆ మొగంతో ఎట్ల బతకాలో మాత్రం ఎవురూ రాయరు" అన్నారు. ఆ మాటే ఆమెను ఆసుపత్రి నుంచి బయటికి తీసుకొచ్చిందని నా నమ్మకం.

నలభై దాటిన వయసులో సెలవు పెట్టి బెంగళూరు పోయారు. అక్కడ ఒక చర్మ డాక్టరు దగ్గర, తనకన్నా చాలా చిన్నవాళ్ల పక్కన నిలబడి, మచ్చలకు మర్దన చేయడం, మంగు తగ్గించడం, మొటిమల గుంటలు పూడేలా చూడడం, పోని మచ్చను చర్మం రంగు క్రీముతో కప్పడం నేర్చుకున్నారు. తిరిగొచ్చి ఉద్యోగం మానేస్తున్నానంటే తోటివాళ్లు నవ్వారు. "ఈ వయసులో బ్యూటీ పార్లర్ పెడతావా సిస్టర్?" అని ఒకామె ముఖం మీదే అడిగింది. పెద్ద సిస్టర్ నా వైపు తిరిగి, "నువ్వు వస్తావా?" అన్నారు. ఇంట్లో వద్దన్నా నేను పోయాను.

పుంగనూరు బజారులో, మందుల షాపు మీద మేడ. నెలకోసారి బెంగళూరు డాక్టరు వచ్చి చూసి మందులు రాసిపోయేవారు. మిగతా రోజులు మేమిద్దరమే. బోర్డు రాయడానికి వచ్చినాయన, "బ్యూటీ అని పెద్దగా రాస్తే జనం ఎగబడతారు కదమ్మా" అన్నాడు.

"నర్సు అని పెద్దగా రాయప్పా. ఎక్కి వచ్చినాక మోసపోయినామని ఎవురూ అనుకోకూడదు."

మొదట్లో మెట్లెక్కి వచ్చినవాళ్లలో కాలినవాళ్లు లేరు. పెళ్లీడు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని తల్లులు వచ్చేవాళ్లు. ఒక కిరాణా కొట్టాయన భార్య, "వచ్చే నెల పెండ్లిసూపులు సిస్టర్, మా పాపను రవంత తెల్లగా చెయ్యండి" అంది. పెద్ద సిస్టర్ ఆ పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశారు.

"ఈ పాపకు జబ్బేమీ లేదు. బాగుండే చర్మానికి నేనేం చేసేది? ఎండకు నల్లబడింటే తగ్గిస్తాను. పుట్టిన రంగు మార్చేది నాకు రాదమ్మా."

అట్లా వచ్చినవాళ్లు దిగి పోయి, దొరికినచోట ఏదో క్రీము కొని పూసేవాళ్లు. కొన్ని నెలలకు అందులో కొందరు ముఖం ఎర్రగా కందిపోయి, ఎండలో నిలబడలేక మళ్లీ మా మెట్లే ఎక్కేవాళ్లు. నేను ముందే చెప్పాను కదా అని ఆమె ఒక్కరితోనూ అనలేదు. "మంట ఎంతగా ఉండాది?" అని మాత్రం అడిగేవారు.

ఆమె కోరుకున్నవాళ్లు నెమ్మదిగా వచ్చారు. పెద్దపంజాణి దగ్గర పల్లెలో బెల్లం వండుతుంటే పాకం మీద పడి ఒక రైతు భార్యకు మెడ, భుజం కాలాయి. గాయం మానింది కానీ చర్మం బిగుసుకుపోయి మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేది. పెద్ద సిస్టర్ నెలల తరబడి ఆ మెడకు నూనె పట్టించి మర్దన చేశారు, ఇంట్లో చేసుకోవడం నేర్పారు. ఒక పొద్దు వెనక నుంచి నేనేదో అడిగితే ఆమె మెడ తిప్పి బదులు చెప్పింది. చెప్పిన తర్వాత గానీ తెలియలేదు ఆమెకు. "అయ్యో సిస్టర్, తిరిగింది!" అని ఏడ్చేసింది. పెద్ద సిస్టర్ గట్టిగా నవ్వగా నేను చూసింది ఆ రోజే. తర్వాత కొంతకాలం మా బల్లలు ఖాళీ ఉండేవి కావు.

ఆ మంచి రోజుల్లోనే ఆమె వేలి కణుపుల దగ్గర తెల్లటి చుక్కలు కనబడ్డాయి. చేతి తొడుగుల రాపిడి అనుకున్నాం. చుక్కలు కలిసి మచ్చలయ్యాయి. నెలకోసారి వచ్చే డాక్టరు చూసి, "మీకే తెలుసు కదా సిస్టర్" అన్నారు. తెలుసు. బొల్లి. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని మేము ఎందరికో చెప్పిందే. మందులు వాడారు, ఆగలేదు.

పాపను తెల్లగా చెయ్యమన్న ఆ కొట్టాయన భార్యే మళ్లీ వచ్చింది, కూతురి మొటిమల కోసం. పెద్ద సిస్టర్ చెయ్యి చాచగానే పిల్లను తన వైపు లాక్కుంది. "తప్పుగా అనుకోవద్దండి. ఆ చిన్న సిస్టర్‌ను చెయ్యమనండి" అంది. పెద్ద సిస్టర్ చెయ్యి వెనక్కి తీసుకుని, నాకు జాగా ఇచ్చి, పోయి కిటికీ దగ్గర నిలబడ్డారు. నేను ఆ పిల్ల ముఖం తుడిచాను.

ఆ మాట బజారంతా పాకింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు తగ్గింది. నేనే అన్నాను, "మన దగ్గరే మచ్చ కప్పే క్రీము ఉండాది కదా సిస్టర్, రోజూ పొద్దున పూసుకోండి" అని. ఆమె ఆలోచించి సరేనన్నారు. పూసుకుంటే ఏమీ తెలిసేది కాదు. మందుతో తగ్గిపోయిందని జనం అనుకున్నారు, మళ్లీ రాసాగారు.

అప్పుడు పలమనేరు వైపు నుంచి ఒక కాలేజీ పిల్ల వచ్చింది, నాన్నను వెంటబెట్టుకుని. పెదవి పక్కన తెల్ల మచ్చ. బస్సులో పక్కన ఎవరూ కూర్చోవడం లేదని, కాలేజీ మానేస్తానని ఏడుస్తోంది. పెద్ద సిస్టర్ మామూలుగా చెప్పే మాటలు మొదలుపెట్టారు. "ఇది అంటుకోదు పాపా. సిగ్గుపడాల్సిన పనే లేదు..." అంటూ ఆగిపోయారు. లేచి పోయి కొళాయి తిప్పి సబ్బుతో చేతులు రుద్దుకున్నారు. క్రీము గోధుమరంగు నీళ్లయి జారిపోయింది. తడి చేతులతోనే వచ్చి ఆ పిల్ల ముందు చాచారు. నాన్న వెనక్కి జరిగాడు. పిల్ల మాత్రం ఆ చేతుల్ని చూసి, "మీకు కూడానా?" అంది. ఏడుపు ఆపింది.

వాళ్లు పోయాక, "మళ్లీ పూసుకోరా?" అని అడిగాను.

"అంటుకోదని నోటితో చెప్తాండాను. దాచిపెట్టుకుంటే, అంటుకుంటాదని నా చేతులే చెప్తాయి కదా. నీ పని నువ్వు చెయ్యి పాపా, నేనింక పూసుకోను."

ఆ పిల్ల చదువు ముగించిందని తర్వాత విన్నాం. కానీ ఆమె చేతులు చూసి జనం మళ్లీ తగ్గారు, మా మేడ కోలుకోలేదు. ఏడాది తిరక్కుండానే బోర్డు దించేశాం. నాకు మదనపల్లెలో పని చూపించింది ఆమే. "సిస్టర్‌ను వదిలిపెట్టి పోను" అంటే కోప్పడ్డారు. "చేతిలో పని ఉండేది ఖాళీగా కూర్చునేదానికి కాదు" అన్నారు.

ఆమె గుడుపల్లె దగ్గర తమ్ముడి ఇంటికి చేరారు. కుప్పంలో ఒక చిన్న గది తీసుకుని, రోజూ బస్సులో పోయి వచ్చేవారు. అక్కడికి తమిళం మాట్లాడేవాళ్లు, కన్నడం మాట్లాడేవాళ్లు కూడా వచ్చేవాళ్లు, ఎక్కువగా బొల్లి ఉన్నవాళ్లు. వాళ్లకు ఆమె చేతులంటే భయం లేదు. మచ్చలు అప్పటికే ఆమె మెడకు, ముఖానికి పాకాయి.

కిందటి ఎండాకాలం చూడబోయాను. తమ్ముడి భార్య మర్యాదగానే అన్నం పెట్టింది. నాకు ఇంట్లో అందరూ తినే స్టీలు తట్టలో వడ్డించింది. పెద్ద సిస్టర్ తన తట్ట తానే తెచ్చుకున్నారు, పెరటి అరుగు మీద విడిగా బోర్లించినది. తిని తానే కడిగి మళ్లీ అక్కడే పెట్టారు. నేను చూడడం ఆమె చూశారు. బస్సు దగ్గరికి సాగనంపుతూ అన్నారు:

"మూడు రాష్ట్రాలోళ్లకు చెప్పగలిగినాను పాపా, అంటుకోదని. మా ఇంట్లో ఒక మనిషికి చెప్పలేకపోయినాను. మంచిదే ఆయమ్మ. జరమొస్తే గంజి కాస్తాది. దూరం నుంచి పెడతాది, అంతే."

ఆ "అంతే" అన్నప్పుడు ఆమె గొంతు ఎట్లా ఉందో రాయడం నాకు చేతకాదు. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

కబురు విన్న రోజు మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాను. పెరట్లో నీళ్లు కాగుతున్నాయి. స్నానం చేయించాలి. ఊరి ఆడవాళ్లు నలుగురైదుగురు గోడ పక్కన నిలబడి ఉన్నారు, ఎవరూ ముందుకు రావడం లేదు. నేను చెంగు బిగించుకుని ఆమెను బల్ల మీద సర్ది, తలకు నీళ్లు పోశాను. ఒక్కదాన్నే అటు పట్టుకుని ఇటు పోయలేక అవస్థ పడుతున్నాను.

అప్పుడు ఎవరో నా చేతిలోని చెంబు తీసుకున్నారు. తమ్ముడి భార్య. "నువ్వు తల పట్టుకో. నేను పోస్తాను" అంది. పోసింది. తర్వాత చెంబు కింద పెట్టి సబ్బు తీసింది. ఒక క్షణం ఆగి, పెద్ద సిస్టర్ కుడిచేతిని తన చేతిలోకి తీసుకుంది. అరచెయ్యి, వేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల చుట్టూ మెల్లగా రుద్దింది. నేను నీళ్లు పోశాను. నురగంతా పోయింది. ఆమె రుద్దుతూనే ఉంది. వెనక నుంచి ఎవరో "పొద్దు పోతాండాదమ్మా" అన్నారు. ఆమె వినలేదు. ఆ తెల్లటి చేతిని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో అదే చోట, మళ్లీ మళ్లీ నిమురుతూ కూర్చుంది.