వేపపీపాలో విస్కీ

ఆ రోజుల్లో కోడుమూరులోని మా అంగట్లో ‘పాతది’ అనేది తిట్టు కాదు, ధర పెంచడానికి సాకు. పాత బియ్యం, పాత చింతపండు, పాత బెల్లం (చీమలు పట్టినదాన్ని కూడా మా నాన్న ఆ లెక్కలోనే అమ్మేవాడు). చుట్టలు కాల్చే మా పెదనాయనదీ అదే మతం. “నల్లరేగడి ఆకు గొంతు పట్టుకుంటాదిరా, ఎర్రనేల ఆకు మెల్లగా మాట్లాడిస్తాది. యాడ పుట్టినా సరే, రెండెండలు చూడని ఆకు చుట్టకు పనికిరాదు” అంటూ, పొగాకును తడిగుడ్డలో చుట్టి కుండలో దాచేవాడు. ఆ మాటలు వింటూ పెరిగిన నేను దాచిపెడితే చాలు, ఏ సరుకైనా బాగుపడుతుందనుకున్నాను. తడిగుడ్డ సంగతి మాత్రం మరిచిపోయాను.

సబ్బుల ఏజెన్సీలో ఉద్యోగం దొరికి కర్నూలులో గది తీసుకున్నప్పుడు నాకు తోడు ‘బల్బు’ ఒక్కడే. కడప వైపువాడు, కరెంటు పని. గురక పెడతాడు, పప్పు మాడుస్తాడు, కానీ ఆ ఊళ్లో నన్ను “తిన్యావా?” అని అడిగే మనిషి ఇంకొకడు లేడు. వాడికి కువైట్ వీసా వచ్చింది.

“రెండేండ్లప్పా, ఇట్ల పోయి అట్ల వస్తా” అన్నాడు పెట్టె సర్దుకుంటూ. “ఆడ చుక్క దొరకదంట, అదొక్కటే బాధ.”

అప్పుడు నోరు జారాను. విస్కీ రుచి సగం చెక్కపీపాదేనని, ఏళ్ల తరబడి ఊరితేనే దానికి గుణమొస్తుందని ఫోన్‌లో ఏదో వీడియో చూసి ఉన్నాను. “నువ్వొచ్చేదాకా పీపాలో పోసి పెడతా. ఇద్దరం కలిసే తెరుద్దాం.”

“నీ దుడ్లతోనా? అయితే నేను వచ్చి తీరాల్సిందే, అంగడోడా!”

బస్సెక్కించి నేరుగా ఓర్వకల్లు దారిలోని వడ్రంగి దగ్గరికి వెళ్లాను. ఆయన టేకు చూపించాడు, బేరమాడాను. మామిడి చూపించాడు, మళ్లీ ఆడాను. చివరికి విసిగిపోయి, “వేప ఉండాదప్పా, పురుగు పట్టదు” అన్నాడు. పురుగు పట్టని సరుకంటే మా వంశానికి దైవంతో సమానం. పైగా మూత ఊరికే ఇచ్చాడు. ఇంతటి బేరం మా నాన్న కూడా చేసి ఉండడని పొంగిపోయాను. విస్కీ కొని ఆ పీపా నింపి, గది మూలన పెట్టాను.

ఆ తర్వాత గది పెద్దదైపోయింది. అద్దె మాత్రం అంతే. ఆదివారం పూట ఇంకేం చేయాలో తోచక పీపా పక్కన కూర్చునేవాణ్ణి. దాన్ని “తిన్యావా?” అని అడిగిన రోజులు కూడా ఉన్నాయి (ఎవరూ వినలేదు, అదే అసలు కష్టం). వేసవికి పీపా కొంచెం కొంచెంగా తేలికవుతూ వచ్చింది. చెక్క సందుల్లోంచి మా కర్నూలు ఎండ తన వాటా తాను తాగేసింది. ఎండతో బేరమాడినవాడు ఇంతవరకు లేడు. బల్బు ఫోన్ చేసినప్పుడల్లా “ముదిరిందా?” అనేవాడు. “ముదురుతాండాది” అనేవాణ్ణి.

రెండేళ్లకు వచ్చాడు, ఒక్క సాయంత్రానికి. తెల్లారితే కడపలో పెళ్లిచూపులు. గ్లాసుల్లో పోశాను. మొదటి గుక్కకే వాడి కళ్లు పెద్దవయ్యాయి.

“ఏమప్పా, ఇది విస్కీనా, కషాయమా?”

“వేపచెక్క. పురుగు పట్టదు.”

“యాడ పడతాది! మూత తీస్తానే సస్తాది.”

పడీపడీ నవ్వి, పెట్టెలోంచి ఒక రేకు గొట్టం తీశాడు. లోపల సిగార్. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో పండిన ఆకంట, వాళ్ల సేఠ్ ఇచ్చాడంట. పెట్టెలో ఎండిపోయి, ముట్టుకోగానే పొట్టు రాలింది. అంటిస్తే వేరుశనగ కట్టెలా భగ్గుమంది. ఈసారి నేను నవ్వాను.

“నీకోసమే దాచినాను. ఒక్కపారి వాసన గూడ సూడలే” అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. వాడు గ్లాసు ముందుకు జరిపాడు. “శానా చేదుండాది. ఇంగొంచెం పొయ్.”

ఇప్పుడు నాకు సొంత ఏజెన్సీ ఉంది. పుట్టిన ఊరు, ఊరిన ఏళ్లు అట్ట మీద రాసి ఉన్న విస్కీ సీసాలు కొంటాను. ముఖం చిట్లించే పనే ఉండదు, ఎదురుగా చిట్లించే మనిషీ ఉండడు. పెళ్లయ్యాక బల్బు సంసారంతో సహా కువైట్‌లోనే ఉండిపోయాడు. మొన్న ఆదివారం ఏం తోచిందో, పెరట్లోంచి వేపపుల్ల ఒకటి విరిచి గ్లాసులో తిప్పుతుంటే వాడే ఫోన్ చేశాడు.

“ఏం చేస్తాండావు?”

“వేపనీళ్లు తాగుతాండా.”

అటువైపు నుంచి అదే నవ్వు. “నాకూ రవ్వంత ఉంచప్పా.”

ఉంచాను. గ్లాసులోది సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి మరీ పెట్టాను. ఇంత వయసొచ్చినా నాకు బుద్ధి రాలేదు. దాచిపెడితే సరుకు బాగుపడుతుందనే ఇప్పటికీ నా నమ్మకం.